జిల్లేడు మీది మిడతకు పేరు ఎవరు రాయాలి?

తమ్ముడూ, చెల్లీ,

పోడు, పట్టా, గ్రామసభ గురించి మాట్లాడుకునే చోట ఈ మిడత గోల ఏంటి అని నవ్వుతావేమో. నవ్వుకో, పర్లేదు. కానీ చివరిదాకా చదువు.

2020 మే నెల గుర్తుందా? లాక్‌డౌన్ రోజులు. ఫోన్ తెరిస్తే రెండే వార్తలు. ఒకటి, రోడ్ల మీద నడిచిపోతున్న వలస కూలీలు. రెండోది, రాజస్థాన్, మధ్యప్రదేశ్ దాటి మహారాష్ట్రలోకి వచ్చిన ఎడారి మిడతల దండు. తెలంగాణలో ఆదిలాబాద్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం దాకా సరిహద్దు జిల్లాలన్నిటినీ అప్రమత్తం చేశారు. సరిగ్గా అప్పుడే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా మిడతలు కనబడ్డాయి. ఇంకేముంది, దండు ఆంధ్రాలోకి దిగిందని జనం హడలిపోయారు. అదే నెలలో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోనూ అదే భయం, అక్కడా జిల్లేడు చెట్ల మీదే. అధికారులు, శాస్త్రవేత్తలు చూసి తేల్చిందేంటంటే, ఇవి ఎడారి నుంచి వచ్చినవి కావు, ఇక్కడే పుట్టి ఇక్కడే జిల్లేడాకు తిని బతికే మిడతలు అని.

ఆ ముక్క చెప్పడానికి శాస్త్రవేత్తే రావాలా? ఆ బీట్లో మేకలు కాసిన ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. కానీ ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమె దగ్గర కూడా జ్ఞానం ఉందని, అది లెక్కలోకి వస్తుందని ఎవరూ అనుకోరు. నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన ఊరి చుట్టూ ఉన్న జీవాన్ని గుర్తుపట్టే పని, పేరు రాసే పని మనం చేయాలి. మన భాషలో చేయాలి. అది మన గ్రామసభ పుస్తకంలో ముందు ఎక్కాలి. దీన్ని సరదా పనిలా కాకుండా మన హక్కుల పనిలో ఒక భాగంగా చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఈ జిల్లేడు మిడత దగ్గరే మొదలుపెట్టమంటాను. ఎందుకంటే దీని కోసం గుట్టలెక్కాల్సిన పని లేదు. జిల్లేడు ఊరి పక్కనే ఉంటుంది, బీట్లో, బాట పక్కన, పాడుబడ్డ గోడల దగ్గర.

ఎలా చూడాలో చెప్తాను. రేపు పొద్దున ఒక నోట్‌బుక్కు, పెన్ను పట్టుకుని బయల్దేరు. ఫోన్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

ముందు మీసాలు చూడు. మిడత మీసాలు పొట్టిగా ఉంటాయి, ఒంటి పొడవులో సగం కూడా ఉండవు. మీసాలు దారప్పోగుల్లా సన్నగా, ఒంటికంటే పొడుగ్గా ఉంటే అది వేరే కుటుంబం, కీచురాళ్ల వైపు చుట్టం. చాలామంది ఆకులా ఉండే ఆ పొడుగు మీసాల పురుగునూ మిడతే అనేస్తారు. గొల్లభామ అన్న పేరుతోనూ ఇదే తికమక. కొన్ని చోట్ల ఆ పేరు మిడతకు పెడతారు, కొన్ని చోట్ల ముందు కాళ్లు దండం పెట్టినట్టు మడుచుకుని కూర్చునే పురుగుకు పెడతారు. అందుకే పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ ఊళ్లో, ఎవరు, దేన్ని చూపించి ఆ పేరు చెప్పారో కూడా రాయాలి.

తర్వాత తల చూడు. జిల్లేడు మిడతది ముందుకు సాగి, కొసదేరినట్టుండే తల. దీని చుట్టాలు ఇంకా ఉన్నాయి. ఒకటి మట్టి రంగులో, గరుకు ఒంటితో, నేలకు అతుక్కుని ఉంటుంది. అది కదిలేదాకా నీ కాలి ముందున్నా కనబడదు. ఇంకొకటి గడ్డి పోచంత పచ్చగా, సూది తలతో ఉంటుంది. మూడూ ఒకే కుటుంబం. ఒకటి మట్టిలో కలిసిపోయి బతుకుతుంది, ఒకటి ఆకులో కలిసిపోయి బతుకుతుంది. మన జిల్లేడు మిడత మాత్రం అసలు దాక్కోదు.

ఎందుకు దాక్కోదో దాని రంగే చెప్తుంది. పెద్దదానికి ఒంటి మీద పసుపు, నీలం కలిసిన పట్టీలు. పై రెక్కలు ఆకుపచ్చ, వాటి మీద పసుపు చుక్కలు. ఎగిరినప్పుడు లోపలి రెక్కలు లేత ఎరుపులో కనబడతాయి. రెండంగుళాలు ఉంటుంది, ఆడదైతే ఇంకొంచెం పెద్దది. పిల్లలు వేరేలా ఉంటాయి. రెక్కలుండవు, వీపు మీద చిన్న మొలకల్లా మాత్రం ఉంటాయి. లేత పసుపు ఒంటి మీద సన్నటి నల్ల గీతలు, ఎర్ర చుక్కలు. తెలియనివాడు పిల్లను ఒక జాతి, పెద్దదాన్ని ఇంకో జాతి అని రాసేస్తాడు. నువ్వు అదే చెట్టును పది రోజులకోసారి చూస్తే, పిల్ల పొర వదిలి పెద్దదవడం నీ కళ్లతోనే చూస్తావు.

ఇంత రంగు వేసుకుని ఎండలో బాహాటంగా కూర్చుంటుంది. కారణం అది తినే తిండి. జిల్లేడు పాలు విషమని మనకు తెలుసు, కంట్లో పడితే ఏమవుతుందో తెలుసు. ఆ పాలల్లో గుండె మీద పనిచేసే విషం ఉంది. మిడత ఆ ఆకు తిని, ఆ విషాన్ని తన ఒంట్లోనే దాచుకుంటుంది. రంగు చూపించి, నన్ను తింటే నీకే నష్టం అని పిట్టకు చెప్తుంది. పిల్ల మిడతను ముట్టుకుంటే ఒంట్లోంచి ద్రవం పిచికారీలా చిమ్ముతుంది. కాబట్టి పట్టుకోవద్దు, మొహం దగ్గర పెట్టుకోవద్దు. రీల్ కోసం కాలికి దారం కట్టే పని అసలే వద్దు. చూడటానికి పట్టుకోవాల్సిన పని లేదు. అది మెల్లగా కదిలే జీవం, నువ్వు నిమ్మళంగా కూర్చుంటే అది కూడా కూర్చుంటుంది.

ఆడా మగా తేడా కూడా తెలుసుకో. తోక కొస చూడు. ఆడదానికి కొసన మొద్దుగా చిన్న ముళ్లలాంటివి ఉంటాయి, వాటితో నేల తవ్వి గుడ్లు పెడుతుంది. మగదానికి కొస పైకి తిరిగి, పడవ ముక్కులా ఉంటుంది.

ఇక ఎడారి మిడతతో తేడా. అది గుంపులో ఉన్నప్పుడు, వయసులో ఉంటే గులాబీ రంగు, ముదిరితే పసుపు. నీలం పట్టీలు దానికి ఉండవు. పగటి పూట గాలి వాలున దండుగా ఎగిరి, పచ్చగా కనబడిన దాని మీదల్లా వాలుతుంది. మనది ఒక జిల్లేడు మీదినుంచి ఇంకో జిల్లేడు మీదికి పోవడానికే బద్ధకిస్తుంది. జిల్లేడు దొరక్కపోతే వేరే మొక్కలు కూడా తింటుంది గానీ, దాని ఇల్లు మాత్రం జిల్లేడే. చూశావా, ఏ చెట్టు మీదుంది, ఎలా కదులుతోంది, ఏ రంగుంది, ఈ మూడు ప్రశ్నలు అడిగి ఉంటే 2020లో ఆ భయమే ఉండేది కాదు.

ఫోన్లో ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదన్నా అంటావు. ఉన్నాయి, వాడు. కానీ మిడతంభొట్లు జోస్యం కథ తెలుసుగా. రాజు పిడికిట్లో ఏముందో తెలియక, తన పేరు తానే తల్చుకుని ఏడిస్తే, పిడికిట్లో నిజంగానే మిడత ఉండి బతికిపోయాడు. యాప్ కూడా చాలాసార్లు అలాగే చెప్తుంది. ఒకసారి తగులుతుంది, ఒకసారి తప్పుతుంది. అందుకే ఒక్క ఫోటోతో సరిపెట్టకు. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మొహం ఒకటి, చెట్టుతో కలిపి ఒకటి తియ్యి. కొలతకు పక్కన నీ పెన్ను పెట్టు. తేదీ, పొద్దు, చోటు, చెట్టు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి, ఇవన్నీ నోట్‌బుక్కులో రాయి. యాప్ చెప్పిన పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టు. నీ రాతతో పోల్చి సరిపోయాకే ఆ ప్రశ్నార్థకం కొట్టెయ్యి.

శాస్త్రం దీనికి పెట్టిన పేరు పోయెకిలోసెరస్ పిక్టస్. పలకడానికి నోరు తిరగదు, భయపడకు. దాని అర్థం తెలిస్తే నవ్వొస్తుంది. మొదటి మాటకు రంగురంగుల కొమ్ములది అని, రెండో మాటకు బొమ్మ గీసినట్టున్నది అని. పిక్టస్ అన్న పేరు 1775లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ పెట్టాడు. అంటే ఆయన చేసిందేంటి? చూశాడు, చూసింది చూసినట్టు పేరు పెట్టాడు, పుస్తకంలో రాశాడు. మీ అవ్వ కూడా చూసింది, పేరు పెట్టింది. ఇద్దరికీ తేడా తెలివిలో లేదు. ఆయనది పుస్తకంలోకి ఎక్కింది, మీ అవ్వది ఎక్కలేదు. అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊరి ప్రజలను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఏ చెట్టు, ఏ పురుగు, ఏ పిట్ట, దాని గురించి జనానికి ఏం తెలుసు, ఇవన్నీ అందులో ఉండాలి. ఏళ్ల తరబడి ఎక్కువ చోట్ల ఆ పని కాలేదు. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 లోపు దేశమంతా పూర్తి చేయాలని గడువు పెట్టింది. గడువు మీద పడితే మన దగ్గర కాగితాలు ఎలా నిండుతాయో నీకు వేరే చెప్పాలా?

అలాంటి రిజిస్టర్ ఒకటి ఒక ఊళ్లో నేను చూశాను. పురుగుల పేజీలో మూడు మాటలున్నాయి. చీమ, మిడత, సీతాకోకచిలుక. స్థానిక పేరు అనే గడిలో మళ్లీ అవే మూడు తెలుగు మాటలు. ఆ ఊళ్లో ఇంట్లో మాట్లాడేది కోయ భాష. నేను పంచాయతీ గదిలోంచి బయటికొచ్చి, అరుగు మీద కూర్చున్న ఒక అవ్వకు ఫోన్లో జిల్లేడు మిడత ఫోటో చూపించాను. ఆమె నవ్వింది. "దీన్ని కోళ్లు కూడా ముట్టవు బిడ్డా. చిన్నప్పుడు పుల్లతో కదిలిస్తే మొహం మీద చిమ్మేది" అంది. శాస్త్రవేత్తలు పరిశోధించి చెప్పిన మాటే అది. తర్వాత తన భాషలో దాని పేరు చెప్పింది. ఆ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. అది ముందు ఆ ఊరి పుస్తకంలోకి ఎక్కాలి, ఆ ఊరి గ్రామసభ ఒప్పుకుంటే తర్వాత మన పేజీకి రావాలి. వరస అదీ.

మన సంగతి కూడా ఒప్పుకుందాం. ఆశ్రమ పాఠశాలకు పోయి మనం జిల్లేడు అని రాయడం నేర్చుకున్నాం. మన ఇంటి భాషలో జిల్లేడును ఏమంటారో మర్చిపోయాం. గోండి, కోయ, కొలామి, కువి, సవర, ఏదైనా సరే, అందులోని పురుగుల పేర్లు, గడ్డి పేర్లు ముసలివాళ్ల నోట్లోనే మిగిలాయి. ఒక అవ్వ పోతే ఎన్ని పేర్లు పోతాయో ఎవరి దగ్గరా లెక్క లేదు.

ఇక్కడ కొందరు అన్నలు కోప్పడతారు. పోడు కేసులు నడుస్తున్నాయి, పట్టా క్లెయిములు తిరస్కరిస్తున్నారు, ఊళ్లను లేపేస్తున్నారు, ఈ మధ్యలో మిడతలేంటి అని. ఆ కోపం న్యాయమే. నేను అబద్ధం చెప్పను, మిడత ఫోటోతో పట్టా రాదు. కానీ ఆలోచించు. అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(1)(కె) ఏమంటుంది? జీవవైవిధ్యాన్ని అందుకునే హక్కు, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మనకుంది అంటుంది. సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. పట్టా అడిగేటప్పుడు మనం చట్టం మొత్తం చదువుతాం, ఈ రెండు చోట్ల మాత్రం పేజీ తిప్పేస్తాం. జ్ఞానం మీద హక్కు ఉందని కాగితం చెప్తోంది. ఆ జ్ఞానం ఏదీ అని అడిగితే మనం ఏం చూపిస్తాం?

ఇంకో మాట. సామూహిక అటవీ వనరుల కోసం ఫారం సి నింపేటప్పుడు మేత భూములు, దుంపలు తవ్వుకునే చోట్లు, నీటి వనరులు, మందు మొక్కలు తెచ్చుకునే చోట్లు, దేవుడి చెట్లు సాక్ష్యంగా పనికొస్తాయి. నువ్వు మిడత కోసం అవ్వను వెంటబెట్టుకుని బీడంతా తిరిగితే, ఆమె మిడత గురించి ఒక్కటే చెప్పి ఊరుకుంటుందా? ఇక్కడ దుంప తవ్వేవాళ్లం, ఆ ఊట ఎండాకాలంలో కూడా ఆగదు, ఆ చెట్టు కింద పండగ చేసేవాళ్లం అని చెప్పుకుంటూ పోతుంది. మిడత నీ చేత నడిపిస్తుంది. ఆ నడకలో దొరికేది సాక్ష్యం.

గని వచ్చినా, డ్యాం వచ్చినా పర్యావరణ నివేదిక ఒకటి రాస్తారు. చాలా ప్రాజెక్టులకు వర్షాకాలం కాని ఒక్క సీజన్ సమాచారంతోనే ఆ నివేదిక తయారవుతుంది. పురుగూ పుట్రా, గడ్డీ గాదం లేచేదే వానాకాలంలో. ఆ కాలం చూడకుండా ఈ అడవిలో విశేషమేం లేదు అని రాస్తే, ప్రజాభిప్రాయ సేకరణ రోజున లేచి నిలబడి మా ఊరి పుస్తకం ఇదిగో, పన్నెండు నెలల లెక్క ఇదిగో అని బల్ల మీద పెట్టగలగాలి. నినాదం గట్టిగా ఇవ్వాలి, సందేహం లేదు. చేతిలో పుస్తకం ఉంటే ఆ నినాదం ఇంకా గట్టిగా వినబడుతుంది. 2013లో నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నాయి. డోంగ్రియా కోందులు అక్కడ మాట్లాడింది తమ కొండ గురించి, తమ ఊటల గురించి, తమకు తెలిసిన దాని గురించే. తెలిసినవాళ్లు మాట్లాడితే ఎలా ఉంటుందో దేశం చూసింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చూసిందంతా ఆన్‌లైన్‌లో పెట్టకు. మిడత ఫోటో పెడితే నష్టం లేదు. కానీ ఏ ఆకు ఏ రోగానికి, ఏ వేరు ఎక్కడ దొరుకుతుంది, దేవుడి తావు ఎక్కడుంది, ఇవి గ్రామసభను అడగకుండా బయటపెట్టొద్దు. ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో చోటు కనబడకుండా దాచే వీలుంది, అది వాడుకో. ఎవరు చెప్పారో వాళ్ల అనుమతి తీసుకుని వాళ్ల పేరు రాయి, వద్దంటే రాయకు. ఒకసారి బయటికి పోయిన జ్ఞానం వెనక్కి రాదు. రేపు ఎవరో వచ్చి మన మాట మనకే అమ్ముతారు.

కాబట్టి ఈ నెల నీకో పని. మీ ఊరి దగ్గర ఒక జిల్లేడు చెట్టు ఎంచుకో. వారానికి రెండుసార్లు పోయి చూడు. మిడత ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. లేదని రాయడం కూడా లెక్కే. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి పేరు అడుగు. ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాసుకో, తగువు పెట్టొద్దు. మన భాషకు లిపి సరిగ్గా కుదరకపోతే తెలుగు అక్షరాల్లోనే రాసి, అవ్వ గొంతు ఫోన్లో రికార్డు చెయ్యి. తర్వాత పంచాయతీకి పోయి, మా ఊరి జీవవైవిధ్య రిజిస్టర్ చూపించండి అని అడుగు. పురుగుల పేజీ తెరువు. అందులో ఏముందో చూడు.

ఖాళీగా ఉంటే బాధపడకు. గ్రామసభలో లేచి, మేం రాస్తాం అని చెప్పు. మూడు మాటలుంటే నాలుగో మాట నీ చేత్తో రాయించు. అది మీ అవ్వ చెప్పిన మాట కావాలి.

జల్, జంగల్, జమీన్ అన్నాడు కొమురం భీం. ఆ జంగల్లో మిడత కూడా ఉంది తమ్ముడూ. దాన్ని గుర్తుపట్టేది ముందు మనమే కావాలి.

జోహార్.